కనిపెట్టి ఉండండి

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మా అమ్మ ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింటి పిన్నిగారి చేతిలో పెట్టి ఒకే మాట అనేది: "పిన్నిగారూ, ఇల్లు కాస్త కనిపెట్టి ఉండండి." ఆవిడ ఎలా కనిపెట్టి ఉన్నారో మేం తిరిగొచ్చాక తెలిసేది. తులసికోట మట్టి తడిగా ఉండేది. గుమ్మం ముందు పడ్డ పేపర్లు ఒద్దికగా పేర్చి ఉండేవి. ఎవరొచ్చి తలుపు తట్టారో, ఏ వేళకి వచ్చారో పిన్నిగారు వరసపెట్టి చెప్పేవారు.

అదే మాట మరో చోట మరోలా వినిపిస్తుంది. టెలిఫోన్‌ను ఎవరు కనిపెట్టారని బడిలో అడుగుతారు. దొంగను ఇట్టే కనిపెట్టేశారని పేపర్లో రాస్తారు. తెలుగు క్రైస్తవులకు "కనిపెట్టు ప్రార్థన" ఉంది. అక్కడ కనిపెట్టడమంటే ఓపికగా వేచి ఉండటం. కొత్తదాన్ని రూపొందించడం, దాగినదాన్ని పట్టుకోవడం, అప్పగించినదాన్ని చూసుకోవడం, రావలసినదానికి ఎదురుచూడటం. ఇన్నింటికీ తెలుగులో ఒకే క్రియ. పోలీసు శాఖలు అంకుర సంస్థలతో చేతులు కలిపి కొత్త పరికరాలు, సాఫ్ట్‌వేర్లు చేయించుకుంటున్న ఈ రోజుల్లో ఈ క్రియను విప్పి చూడాలి. ఆ ఒప్పందాల్లో మొదటి రెండు అర్థాలే పెద్దగా వినిపిస్తున్నాయి. మూడోది వినిపించడం లేదు.

కని, పెట్టు: రెండు ముక్కలు. "కను" అంటే చూడు. "కను" అంటే బిడ్డను కను కూడా. భాషావేత్తలు ఈ రెంటికీ వేర్వేరు ధాతువులు చెబుతారు. అయినా మన నోట్లో రూపం ఒకటే కాబట్టి, కొత్త వస్తువును కనిపెట్టాడు అన్నప్పుడు చూశాడన్న ధ్వనితో పాటు కన్నాడన్న ధ్వనీ చెవిన పడుతుంది. ఇక "పెట్టు" ఇంకా గొప్పది. ఒక క్రియ వెనక చేరితే ఆ పని తరచు మరొకరి కోసం చేసినట్టు అవుతుంది. చదువురాని అవ్వకు ఉత్తరం రాసిపెడతాం. స్నేహితుడి కూతురికి సంబంధం చూసిపెడతాం. ఆకలిగొన్నవాడికి వండిపెడతాం. ఈ వరసలో నిలబెట్టి చూస్తే, కనిపెట్టడం అంటే ఒకరి కోసం చూడటం. పిన్నిగారు చేసిన పని అదే.

ఇదే పని పోలీసులు చేస్తే మన పేపర్లు ఎక్కువగా వాడే మాట "నిఘా". అది పారసీ "నిగాహ్", అంటే చూపు. ఆ భాషలోనూ, ఉర్దూలోనూ "నిగెహ్‌బాన్" అంటే సంరక్షకుడు. దేవుణ్ణి కూడా అలా పిలుస్తారు. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటలోంచి సంరక్షణ రాలిపోయి అనుమానం మిగిలింది. మన పిల్లల్ని కనిపెట్టి ఉండమంటాం గానీ, వాళ్ల మీద నిఘా పెట్టమని మనసారా ఎవరూ అనరు. రెండింట్లోనూ చూపు ఉంది. చూడబడేవాడి పట్ల మనసు వేరు.

పోలీసుల కోసం ఒకటి కనిపెట్టడం మన దేశానికి కొత్త కాదు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో మొదలైంది. వేలిముద్రలను 1,024 అరలుగా విడగొట్టి, కావలసినదాన్ని చప్పున వెతికి తీసే పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగుల మేధస్సు ఉంది. పద్ధతికి పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది పడింది. అయినా ఒక సంగతి గమనించాలి. కనిపెట్టినవాళ్లు ఆ శాఖలోనే ఉన్నారు. తప్పు జరిగితే అడగడానికి మనిషి ఎదుటే ఉన్నాడు.

ఇప్పుడు కనిపెట్టేవాడు ఒకడు, వాడేవాడు మరొకడు. గురుగ్రామ్‌కు చెందిన స్టాకూ అనే అంకుర సంస్థ పంజాబ్ పోలీసులకు ముఖాలు పోల్చే వ్యవస్థను తయారుచేసింది. 2018లో ఉత్తరప్రదేశ్ పోలీసులకు "త్రినేత్ర" అనే అలాంటి వ్యవస్థనే ఇచ్చింది. తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లోకి అదే ఏడాది ముఖాల గుర్తింపు వచ్చింది. కానిస్టేబుల్ తన ఫోన్‌తో ఒక ముఖాన్ని ఫొటో తీస్తే, పాత నేరస్తుల ఫొటోలతో యంత్రం పోల్చి చెబుతుంది. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో తనను నడివీధిలో ఆపి, మాస్కు తీయమని అడిగి ఫొటో తీశారంటూ హైదరాబాద్ పౌరుడొకరు తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

దీని పక్కన ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌ను, అంటే తాళం వేసిన ఇళ్లను కనిపెట్టే వ్యవస్థను, పెట్టి చూడండి. ఊరెళ్లే ఇంటివాళ్లు యాప్‌లో తామే పేరు నమోదు చేసుకుని, ఫలానా రోజుల్లో మా ఇల్లు చూడమని అడుగుతారు. పోలీసులు వచ్చి కదలికను పసిగట్టే కెమెరా ఒకటి ఇంట్లో పెడతారు. తాళం వేసిన ఇంట్లో ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు కబురు వెళ్తుంది. ఇది మా అమ్మ పిన్నిగారికి చెప్పిన మాటే, యంత్రం రూపంలో. ఇక్కడ అడిగినవాడున్నాడు, గడువుంది, హద్దుంది. నడివీధి ఫొటోలో ఈ మూడూ లేవు. రెండూ కెమెరాలే. ఇంట్లోది కనిపెట్టి ఉండటం, వీధిలోది నిఘా.

కనిపెట్టడంలో పొరపాటు జరిగితే ఎవరి పూచీ? మన పాత కావలి పద్ధతిలో దీనికి జవాబుండేది. విజయనగర కాలం నుంచీ ఊరి కావలికి రుసుము తీసుకునేవాడు దొంగను పట్టుకోలేకపోతే, పోయిన సొత్తుకు తానే బదులు చెప్పుకోవలసి వచ్చేది. ఆ పద్ధతిని పాలెగాళ్లు దోపిడీగా మార్చిన చరిత్రా ఉంది కాబట్టి దాన్ని నెత్తిన పెట్టుకోమనను. రుసుముకు పూచీ ముడిపడి ఉండాలన్న సూత్రం మాత్రం నిలబెట్టుకోదగ్గది.

ఆ ముడి లేకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. లాస్ ఏంజెలెస్ పోలీసులు, అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి చేసిన పనిలోంచి 2012లో ప్రెడ్‌పోల్ అనే కంపెనీ పుట్టింది. భూకంపం తరవాత వచ్చే చిన్న ప్రకంపనలను లెక్కగట్టే గణితంతో, రేపు నేరం ఎక్కడ జరగవచ్చో మ్యాపు మీద సుమారు 150 మీటర్ల గళ్లు గీసి చూపేది. దానికి మేతగా వేసింది పాత నేర నమోదులు. పోలీసులు ఎక్కువగా తిరిగిన పేటల్లోనే నమోదులు ఎక్కువ. యంత్రం మళ్లీ ఆ పేటలకే పంపింది. పేదలుండే వీధి మీద పడ్డ పాత అనుమానమే రేపటి జోస్యమైంది. 2020లో లాస్ ఏంజెలెస్ దాన్ని ఆపేసింది. అంతకుముందు దాన్ని వాడిన శాంటా క్రూజ్ నగరం అలాంటి జోస్యాలనే నిషేధించింది. అదే ఏడాది జనవరిలో డెట్రాయిట్ పోలీసులు ఒక నల్లజాతి తండ్రిని భార్యాపిల్లల కళ్లముందే అరెస్టు చేసి దాదాపు 30 గంటలు నిర్బంధించారు. మసక వీడియోలోని దొంగ ముఖం ఆయనదేనని యంత్రం తప్పుగా చెప్పింది. 2024లో కుదిరిన రాజీ ప్రకారం, ముఖం కలిసిందన్న ఒక్క ఆధారంతో అక్కడి పోలీసులు ఇక ఎవరినీ అరెస్టు చేయకూడదు.

పెరట్లో కోడిపిల్లల్ని డేగా కనిపెడుతుంది, తల్లికోడీ కనిపెడుతుంది. చూపు వాడిలో డేగదే పైచేయి. పిల్లలు పరుగెత్తి వెళ్లేది మాత్రం తల్లికోడి రెక్క కిందికే. అంకుర సంస్థ అమ్మేది చూపు వాడి. రెక్కను మాత్రం ప్రభుత్వమే చాచాలి, దాన్ని ఏ కంపెనీ దగ్గరా కొనలేం.

యువ ఇంజనీర్లు పోలీసుల కోసం పనిచేయడం తప్పు కాదు. తప్పిపోయిన పిల్లవాణ్ణి ఇంటికి చేర్చే పరికరానికి ఎవరైనా చేతులెత్తి దండం పెడతారు. నేను కోరేది ఆ మాటలోని మూడో అర్థాన్ని ఒప్పందంలో రాయమని. యంత్రం నూటికి ఎన్నిసార్లు తప్పుతుందో ముందే ప్రజలకు చెప్పండి. తీసిన ఫొటో ఎన్నాళ్లుంచుతారో, ఎప్పుడు చెరిపేస్తారో రాయండి. తప్పు అరెస్టు జరిగితే బదులు చెప్పేది శాఖా, సంస్థా అన్నది సంతకానికి ముందే తేల్చండి. మా ఇంటి తాళంచెవి మీ చేతిలో పెట్టాం. కనిపెట్టి ఉండండి.