తొట్లకొండ మీద నీళ్ళు

మొన్న వేసవిలో మా అపార్ట్‌మెంటులో నీళ్ళ గొడవయ్యింది. బోరు ఎండిపోయింది, ట్యాంకర్లు తెప్పించాలి. ఎవరెంత కట్టాలి అన్నదగ్గర మొదలై "మీ ఇంట్లో ఆరుగురున్నారు, మేం ఇద్దరమే" అన్నదాకా వెళ్ళింది. గట్టిగా అరిచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తమాషా ఏంటంటే, అదేరోజు పొద్దున్న ఆఫీసులో ఏదో శిక్షణ తరగతిలో కూర్చుని "నాలో అన్నీ సమృద్ధిగా ఉన్నాయి, నేనూ విశ్వమూ ఒక్కటే" అని కళ్ళు మూసుకుని పదిసార్లు అనుకుని వచ్చాను. సాయంత్రానికి విశ్వం సంగతి దేవుడెరుగు, మూడో అంతస్తువాళ్ళతోనే ఒక్కటి కాలేకపోయాను!

ఆ ఆదివారం మనసు బాగోక బండేసుకుని తొట్లకొండకి వెళ్ళాను. విశాఖవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. భీమిలి రోడ్డులో, మంగమారిపేట పక్కన, సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ అది. ఎత్తు సుమారు 128 మీటర్లు. 1976లో నౌకాదళం తన అవసరాల కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల.. ఒక ఊరంత ఆరామం. రెండువేల ఏళ్ళ క్రితం ఇది నిండా మనుషులతో ఉండేది.

అయితే జనానికి గుర్తున్నది స్తూపం కాదు, నీళ్ళు! కొండరాతిని తొలిచి చేసిన తొట్లున్నాయి కాబట్టి తొట్లకొండ. కాస్త దూరంలోనే ఉన్న ఇంకో బౌద్ధ కొండ పేరేమో బావికొండ. రెండు కొండలకీ జనం పెట్టుకున్న పేర్లు నీళ్ళవే. నది లేదు, చెరువు లేదు, కిందున్నది ఉప్పు సముద్రం. వానపడ్డప్పుడు పట్టుకున్న నీళ్ళతోనే ఏడాదంతా గడవాలి. పైగా వానాకాలం మూడునెలలూ భిక్షువులు ఊళ్ళు తిరగకుండా ఒకేచోట ఉండాలని నియమం. అంటే కొండ మీద జనం ఎక్కువగా ఉండే రోజులూ, తొట్లు నిండే రోజులూ ఒకటే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. భిక్షువుకి సొంతంగా ఉండదగ్గవి ఎనిమిదే వస్తువులని బౌద్ధ సంప్రదాయం. మూడు వస్త్రాలు, భిక్షాపాత్ర, నడుంకట్టు, సూది, మంగలికత్తి, నీళ్ళు వడకట్టుకునే గుడ్డ. చివరిదాని దగ్గర నేను ఆగిపోయాను. అది శుభ్రత కోసమే అనుకుంటే పొరపాటు. నీళ్ళల్లో చిన్నచిన్న ప్రాణులుంటాయి, అవి గొంతులోకి పోయి చావకూడదు. ప్రాణులున్నాయని తెలిసీ ఆ నీళ్ళు వాడితే తప్పు అని వినయపిటకంలో నియమమే ఉంది. ఉన్న ఎనిమిదింటిలో ఒకటి కంటికి ఆనని జీవుల కోసమన్నమాట!

నా ఉద్దేశంలో ఏకత్వం అంటే ఇదీ. "అన్నీ ఒకటే" అని ధ్యానంలో అనుకోవడం కాదు, దాహమేసినప్పుడు కూడా ఒక్కక్షణం ఆగి గుడ్డ తియ్యడం. అది భావన కాదు, అలవాటు. భావన అయితే ఆఫీసులో మొదలై అపార్ట్‌మెంటు గేటు దగ్గర అయిపోతుంది, నాకైనట్టు.

సరే, ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ బుర్రకి వచ్చే అనుమానం. ఏమీ లేనివాళ్ళు ఇంత పెద్ద కట్టడాలు ఎలా కట్టారు? తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. భిక్షువు వెండిబంగారాలు ముట్టకూడదు కదా! ఈ గొడవ కొత్తది కాదు. బుద్ధుడు పోయిన సుమారు వందేళ్ళకి వైశాలిలో జరిగిన రెండో సంగీతిలో తేలాల్సిన పది అంశాల్లో ఇదొకటి, వెండిబంగారాలు తీసుకోవచ్చా అని. అంటే అప్పటికే తీసుకునేవాళ్ళున్నారన్నమాట. కొండ మీది ప్రశాంతతకి కింద తీరంలో వర్తకులు డబ్బు కట్టారు. రోమ్‌తో సముద్రవ్యాపారం తగ్గాక, ఆదుకునే రాజవంశాలు పోయాక, మూడో శతాబ్దం తర్వాత ఈ ఆరామాలూ నెమ్మదిగా ఖాళీ అయ్యాయి. లోపలి సమృద్ధి బయటి సమృద్ధి మీద ఆధారపడలేదని నేను బుకాయించను. జీతం పడే ఉద్యోగంలో ఉండి "సంపద మనసులోనే ఉంది" అని చెప్పడం చాలా సులువు.

కానీ ఒక్క తేడా ఉంది. వచ్చినది వాళ్ళు తొట్టిగా తొలిచారు. తొట్టి ఎవరి పేరు మీదా లేదు, సంఘానిది. ఈ ఏడు వచ్చినవాడు తాగాడు, వచ్చే ఏడు వచ్చేవాడూ తాగుతాడు. సమృద్ధి అంటే బోలెడు ఉండడం కాదేమో, ఉన్నది ఇంకొకళ్ళకి కూడా సరిపోతుందన్న లెక్కతో బతకడమేమో అనిపించింది.

విశాఖలో ఈ అలవాటు బౌద్ధులతోనే పోలేదు. పాత పోర్టు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకోదాని మీద మేరీమాత చర్చి (రాస్ హిల్ అంటారు). బ్రిటిష్ కాలపు జిల్లా గ్రంథాల్లో రాశారు, ఆ దారిన పోయే ఓడలు దర్గాకి మూడుసార్లు జెండా దించి ఎత్తేవట. ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ ఓడల యజమానులు వెండి పడవలు చేయించి దర్గాకి సమర్పించేవారట. వాళ్ళేమీ సర్వమత సమానత్వం మీద ఉపన్యాసం విని వచ్చినవాళ్ళు కాదు. బంగాళాఖాతంలో తుఫాను ఎలా ఉంటుందో చూసి వచ్చినవాళ్ళు. తుఫానుకి మతం లేదని తెలిసినవాడికి మొక్కుకి కూడా ఉండదు. 1933లో కొత్త రేవు తెరిచాక పెద్ద ఓడలొచ్చాయి, కానీ ఆ మూడు కొండలూ అలాగే రేవుని చూస్తూ ఉన్నాయి.

సాయంత్రం ఇంటికొచ్చాను. జ్ఞానోదయం అయిందని అనుకోకండి. మూడో అంతస్తు తాతగారి దగ్గరికెళ్ళి "మొన్న కాస్త గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి" అన్నాను. ఆయన "కూర్చో బాబూ" అని టీ ఇప్పించారు. ట్యాంకర్ల లెక్క ఫ్లాటుకింత అని సమానంగా వేసుకుందామని నేనే అన్నాను, మేం ఇద్దరమే అయినా. తర్వాత ఇద్దరం టెర్రస్ మీదికెళ్ళి వాననీళ్ళ గొట్టాలు ఎటు పోతున్నాయో చూశాం. నేరుగా రోడ్డు మీది కాలవలోకి పోతున్నాయి!

వానలు పడేలోగా వాటిని సంపులోకి తిప్పించాలి. రెండువేల ఏళ్ళ క్రితం కరెంటు లేకుండా, మోటారు లేకుండా పక్క కొండ మీదే చేశారు కదా. చందా అడగడానికి ఈసారి నేనే గుమ్మం గుమ్మం తిరుగుతాను. ఒకరకంగా అదీ భిక్షాటనే :)