తిట్టిన పుస్తకమే తీర్థం చేసింది

ఫ్రెంచ్ రచయిత్రి జార్జ్ సాండ్ 1876 జూన్ 8న కన్నుమూసింది. 2026 జూన్‌కు నూట యాభై ఏళ్లు నిండుతాయి. నవలలు, నాటకాలు, వేల ఉత్తరాలు రాసిన ఆమెను తలుచుకోవడానికి పారిస్ ఉంది, ఆమె పెరిగిన నోఆన్ ఊరు ఉంది. అయినా పాఠకులు ఆమె పేరు చెప్పుకుని ఎక్కువగా వెళ్లేది స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవికి. మధ్యధరా సముద్రంలోని ఆ దీవిలో, కొండల నడుమ వల్దెమోస్సా అనే చిన్న ఊళ్లో ఆమె గడిపింది ఒకే ఒక్క చలికాలం. ఆ చలికాలం గురించి రాసిన పుస్తకంలో అక్కడి మనుషుల్ని నిర్దాక్షిణ్యంగా తిట్టింది. ఆ పుస్తకమే ఇప్పుడు ఆ ఊరి దుకాణాల్లో రకరకాల భాషల్లో అమ్ముడుపోతోంది.

తిట్లు తిన్న ఊరు తీర్థం ఎలా అయింది? జవాబు ఆమె అక్కడికి చేరిన దారిలోనే ఉంది. బండ్లు, నది పడవలు, టపా బండి, పందుల్ని మోసే స్టీమరు, చివరికి కొండదారి. ఈ కష్టం తెలియకపోతే ఆ పుస్తకంలోని కోపమూ అర్థం కాదు, అందమూ అర్థం కాదు. అందుకే ఈ సాహిత్య యాత్రను విమానంలో కాకుండా నేల మీదనే మొదలుపెట్టాలని నా నమ్మకం.

వడిసెల నుంచి మఠం దాకా

సాండ్ రాకముందు దీవి చరిత్ర చాలా పొడవైనదే. వడిసెలతో రాళ్లు రువ్వడంలో ఇక్కడివాళ్లకు ప్రాచీన కాలంలోనే గొప్ప పేరు. కార్తేజ్ సైన్యం వాళ్లను కూలికి తెచ్చుకునేది. క్రీస్తుపూర్వం 123లో రోమన్ సేనాని మెటెల్లస్ దీవిని పట్టుకున్నాడు. పదో శతాబ్దం మొదట్లో అరబ్బుల పాలన వచ్చింది. కొండవాలుల్లో నీటి కాలువలు, తోటల సేద్యం ఆ కాలంలో బలపడ్డాయి. 1229 డిసెంబర్ 31న అరగాన్ రాజు మొదటి జౌమె పాల్మా నగరాన్ని గెలిచాడు.

ఆ గెలుపు తర్వాత కొద్ది ఏళ్లకు పాల్మాలో పుట్టిన రామోన్ ల్యుల్ తత్వాన్నీ కథనూ కాటలాన్ భాషలో రాసి ఆ భాషకు సాహిత్య గౌరవం తెచ్చాడు. 1276లో వల్దెమోస్సాకు దగ్గరలోని మిరమార్‌లో, క్రైస్తవ సన్యాసులు అరబ్బీ నేర్చుకునే బడి అతని చొరవతోనే వెలిసింది. 1399లో రాజు మార్టిన్ వల్దెమోస్సాలోని తన భవనాన్ని కార్తూసియన్ సన్యాసులకు ఇచ్చేశాడు. నాలుగు వందల ఏళ్లకు పైగా వాళ్లు అక్కడ మౌనవ్రతంతో బతికారు. 1835లో స్పెయిన్ ప్రభుత్వం మఠాల ఆస్తుల్ని స్వాధీనం చేసుకుని అమ్మకానికి పెట్టింది. సన్యాసులు వెళ్లిపోయారు. ఖాళీ అయిన గదుల్ని అద్దెకివ్వడం మొదలైంది. మన కథకు వేదిక సిద్ధమైంది.

పారిస్ నుంచి పెర్పిన్యాకు

1838 అక్టోబర్‌లో జార్జ్ సాండ్ పారిస్ నుంచి బయలుదేరింది. వయసు 34. అసలు పేరు ఒరోర్ ద్యూపాఁ. మగవాడి పేరుతో రాస్తూ, ప్యాంటు తొడుక్కుని, చుట్ట కాలుస్తూ తిరిగే ఆమె ఫ్రాన్స్ అంతటా చర్చనీయాంశం. వెంట పదిహేనేళ్ల కొడుకు మోరీస్, పదేళ్ల కూతురు సొలాంజ్, ఒక పనిమనిషి. కొడుక్కి కీళ్లనొప్పులు, వెచ్చని గాలి కావాలన్నది అందరికీ చెప్పిన కారణం. చెప్పని కారణం పోలండ్ నుంచి వచ్చి పారిస్‌లో స్థిరపడ్డ 28 ఏళ్ల సంగీతకర్త ఫ్రెడెరిక్ షోపాన్. ఇద్దరూ కొత్తగా ప్రేమలో పడ్డారు. లోకం నోట పడకుండా ఉండాలని విడివిడిగా ప్రయాణం పెట్టుకున్నారు.

సాండ్ కుటుంబం నింపాదిగా వెళ్లింది. లియాన్ దాటాక రోన్ నదిలో పడవ మీద అవిన్యోన్ వైపు, అక్కడి నుంచి నీమ్, ఆపైన స్పెయిన్ సరిహద్దు దగ్గరి పెర్పిన్యా. షోపాన్ మాత్రం టపా బండిలో నాలుగు రాత్రులు నిద్ర లేకుండా కుదుపుల్లో వచ్చి పెర్పిన్యాలో వాళ్లను కలిశాడు. ఊపిరి బలంలేని మనిషి అంత దూరం అలా వచ్చి కూడా హుషారుగా కనిపించాడని సాండ్ ఆశ్చర్యపోయింది. అతని పెట్టెలో బాఖ్ సంగీతం ఉంది. ఇంకా పూర్తికాని, చిన్న పియానో రచనలైన ప్రెల్యూడ్‌లు ఉన్నాయి. ఆ ప్రెల్యూడ్‌లను పియానోల తయారీదారు, ప్రచురణకర్త కమిల్ ప్లెయెల్‌కు రెండు వేల ఫ్రాంకులకు ముందే అమ్మి, అందులో అయిదు వందలు బయానాగా తీసుకున్నాడు. అంటే ఈ ప్రయాణానికి ఇంకా పుట్టని సంగీతమే దారిఖర్చు.

పోర్‌వాండ్ర్ రేవు నుంచి ఓడలో బార్సిలోనా చేరారు. అప్పటికి స్పెయిన్‌లో సింహాసనం కోసం కార్లిస్ట్ అంతర్యుద్ధం సాగుతోంది. నవంబర్ 7 సాయంత్రం ‘ఎల్ మయోర్కీన్’ అనే స్టీమరు ఎక్కి మర్నాడు పగలు పాల్మాలో దిగారు. ఆ స్టీమరు రాకపోకలు అప్పటికి కొత్తగా మొదలైనవి. దీవి నుంచి పందుల్ని బార్సిలోనా సంతకు చేర్చడమే దాని ముఖ్యమైన పని. మనుషులకు సముద్రం దాటే వీలు కలిగింది ఆ పందుల వ్యాపారం పుణ్యమాని. సాండ్ ఈ సంగతిని పుస్తకంలో పదేపదే గుర్తుచేస్తుంది.

ఎండ కోసం వస్తే వాన

పాల్మాలో దిగాక తెలిసింది, ఉండటానికి చోటు లేదని. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో నగరం నిండిపోయింది. యాత్రికులకు గదులిచ్చే అలవాటు ఆ ఊరికి ఇంకా లేదు. ఎలాగో ఊరి బయట ఎస్తబ్లిమెంత్స్‌లో సోన్ వెంట్ అనే ఇల్లు దొరికింది. మొదటి రోజులు నిజంగా స్వర్గం. తాటిచెట్లు, నిమ్మచెట్లు, నవంబర్‌లో వేసవి ఎండ. షోపాన్ స్నేహితులకు పొంగిపోయి ఉత్తరాలు రాశాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఆ ఇంటికి చలి కాచుకునే పొయ్యి లేదు. బొగ్గుల కుంపటి పొగకు షోపాన్‌కు ఆగని దగ్గు. ముగ్గురు వైద్యులు వచ్చి చూశారు. వాళ్లు క్షయ అన్నారని ఊరంతా పాకింది. ఇంటి యజమాని వెంటనే ఖాళీ చేయమన్నాడు. గోడలకు సున్నం వేయించాలి, రోగి పడుకున్న మంచాన్నీ పరుపునూ తగలబెట్టాలి, ఆ ఖర్చు మీరే ఇవ్వాలి అన్నాడు. ఫ్రెంచ్ కాన్సుల్ ఇంట్లో కొన్నాళ్లు తలదాచుకుని, డిసెంబర్ 15న వాళ్లు వల్దెమోస్సా మఠానికి చేరారు.

మఠంలో గది అంటే ఒక్క గది కాదు. ఒక్కో సన్యాసికి వరుసగా మూడు గదులు, ముందు లోయలోకి తెరుచుకునే చిన్న తోట. నారింజ చెట్లు, దూరంగా మైదానం, పొగమంచు పట్టిన రోజుల్లో తలుపు దగ్గరికి దిగివచ్చే మేఘాలు. ఆ ప్రకృతిని వర్ణించేటప్పుడు సాండ్ కలానికి సాటి లేదు. పగలు పిల్లలకు చదువు చెప్పేది, వంటపని చూసుకునేది, రాత్రి రాసేది. మఠం నేపథ్యంగా సాగే ‘స్పిరిడియోన్’ నవలను అక్కడే ముగించింది. పాలకోసం మేకను కొన్నారు. పిల్లలు కొండల్లో పడి తిరిగి ఆరోగ్యంగా తయారయ్యారు. మోరీస్ గీసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

ఊరివాళ్లతో మాత్రం పొసగలేదు. పెళ్లికాని జంట, ప్యాంటు తొడిగే ఆడమనిషి, ఆదివారం చర్చికి రాని కుటుంబం, పైగా అంటురోగం ఉన్న మనిషి. కోడిగుడ్లకూ కూరగాయలకూ రెట్టింపు ధరలు చెప్పేవాళ్లని సాండ్ రాసింది. ఇష్టం లేకపోతే కొనొద్దు అన్నట్టు బేరం తెగేదట. కొండమీద వేరే అంగడి లేదు, ఏ రేటు చెబితే ఆ రేటుకు కొనాల్సిందే.

సుంకం కట్టాల్సిన పియానో

ఈ మొత్తం కథలో నాకు ప్రాణమైన ఘట్టం పియానోది. షోపాన్‌కు అక్కడ దొరికింది సరిగా పలకని స్థానిక పియానో ఒకటి. మంచి వాయిద్యం పంపమని ప్లెయెల్‌ను ముందే అడిగాడు. అది పారిస్ నుంచి నేల మీదా, సముద్రం మీదా ప్రయాణించి డిసెంబర్‌లో పాల్మా రేవుకు వచ్చింది. సుంకం అధికారులు పట్టుకుని కూర్చున్నారు. పియానో విలువకు దగ్గరగా వచ్చేంత సుంకం అడిగారు. బేరాలు సాగి, చివరకు మూడు వందల ఫ్రాంకుల దగ్గర తెగి, జనవరిలో అది కొండెక్కింది. ఫిబ్రవరి రెండో వారానికి వాళ్లు దీవి విడిచారు. అంటే ఆ పియానో మీద షోపాన్ వేళ్లు ఆడింది కొద్ది వారాలే.

ఆ గదుల్లోనే ఒక వానరాత్రి గురించి సాండ్ తన ఆత్మకథలో రాసింది. ఆమె, మోరీస్ పాల్మా వెళ్లారు. వాగులు పొంగి, బండివాడు దారిలో దించేసి పోతే, తడిసి ముద్దై నడుస్తూ అర్ధరాత్రికి చేరారు. షోపాన్ కన్నీళ్లతో పియానో వాయిస్తున్నాడు. వాళ్లు చనిపోయారని, తానూ చనిపోయానని భ్రమపడ్డాడు. కప్పు మీద పడే చినుకుల చప్పుడు ఆ సంగీతంలో ఉందని ఆమె అంటే, ప్రకృతి చప్పుళ్లను అనుకరించాననడం అతనికి నచ్చక కోపం తెచ్చుకున్నాడట. ఆ రాత్రి వాయించింది ఏ ప్రెల్యూడ్ అన్న దానిమీద పండితుల వాదన ఇంకా తెగలేదు. జనం మాత్రం పదిహేనోదానికి ‘వానచినుకు’ పేరు స్థిరం చేశారు. 24 ప్రెల్యూడ్‌లు 1839లో అచ్చయ్యాయి. బయానా తీసుకున్న బాకీ తీరింది.

ఫిబ్రవరి 13న తిరుగు ప్రయాణం. రోగి కూర్చోబోతున్నాడని మంచి బండి ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. స్ప్రింగులు లేని బండిలో కొండ దిగి పాల్మా చేరేసరికి షోపాన్‌కు రక్తం పడింది. పియానోను దీవిలోనే ఒక బ్యాంకరు కుటుంబానికి అమ్మేశారు. అదే ‘ఎల్ మయోర్కీన్’ ఎక్కితే ఓడనిండా పందులు. బార్సిలోనాలో ఫ్రెంచ్ యుద్ధనౌక వైద్యుడు చూసి రక్తం ఆపగలిగాడు.

పుస్తకం, జవాబు

సాండ్ ఆ అనుభవాన్ని 1841లో పత్రికలో, 1842లో ‘మయోర్కాలో ఒక చలికాలం’ పుస్తకంగా వేసింది. కొండల్నీ కట్టడాల్నీ ఎంత ప్రేమగా రాసిందో మనుషుల్ని అంత చులకన చేసింది. కోతులతో పోల్చింది. దొంగలంది, మూఢులంది. పాల్మాలో హొసే మరియా క్వద్రాదో అనే యువకుడు, చిన్న వయసులోనే ఆ దీవి చరిత్రలో మునిగినవాడు, ‘లా పాల్మా’ పత్రికలో ఆమెకు జవాబు రాశాడు. ఆవేశంలో ఆమె వ్యక్తిగత జీవితాన్ని దారుణంగా దూషించాడు. అది అతనికి గౌరవం తేలేదు. కానీ మా ఊరికి అతిథిగా వచ్చి, మా భాష నేర్వకుండా, మా మీద తీర్పు చెప్పే హక్కు మీకెక్కడిది అన్న అతని మూల ప్రశ్నకు ఇప్పటికీ బలం ఉంది.

ఇంకో న్యాయం కాలమే చేసింది. క్షయ అంటుకుంటుందని మయోర్కావాళ్లు భయపడితే, సాండ్ దాన్ని అజ్ఞానం అనుకుంది. అప్పటి ఫ్రెంచ్ వైద్యుల్లో చాలామంది అది వంశపారంపర్యమని నమ్మేవారు. 1882లో రాబర్ట్ కాఖ్ క్షయ క్రిమిని కనిపెట్టాడు. పరుపు కాల్చిన పల్లెవాళ్ల జాగ్రత్తే సరైనదని తేలింది. సాండ్ అప్పటికి పోయి ఆరేళ్లు.

తర్వాత వచ్చినవాళ్లు

ఆ తర్వాత కథ ఒక దారిలో నడవదు. 1872లో ఆస్ట్రియా రాజవంశీకుడు లుడ్విగ్ సల్వాటర్ మిరమార్ కొనుక్కుని దీవుల గురించి బృహత్ గ్రంథం రాశాడు. నికరాగ్వా కవి రుబేన్ దారియో వచ్చాడు. యువకుడైన అర్జెంటీనా రచయిత బోర్హెస్ వచ్చాడు. అమెరికన్ రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్ సలహా మీద 1929లో ఇంగ్లిష్ కవి రాబర్ట్ గ్రేవ్స్ పక్క ఊరు దెయాకు వచ్చి, ‘ఐ, క్లాడియస్’ నవల అక్కడే రాశాడు. స్పెయిన్‌లో మళ్లీ అంతర్యుద్ధం వచ్చి తరిమితే వెళ్లి, 1946లో తిరిగొచ్చి, 1985లో ఆ మట్టిలోనే కలిశాడు. సాండ్ వచ్చిన సరిగ్గా నూరేళ్లకు, 1938లో, మరో ఫ్రెంచ్ రచయిత జార్జ్ బెర్నానోస్ మయోర్కా గురించి పుస్తకం వేశాడు. అతను రాసింది ఆ దీవిలో ఆ అంతర్యుద్ధంలో తన కళ్లముందు జరిగిన, సైనిక నేత ఫ్రాంకో పక్షం హత్యాకాండ గురించి. సాండ్ పుస్తకం చదివి వెళ్లేవాళ్లు దీన్నీ మర్చిపోకూడదు.

వల్దెమోస్సాలో షోపాన్ గది ఏదన్న వివాదం చాలాకాలం నడిచింది. రెండో నంబరు యజమానులు తమదంటే, నాలుగో నంబరువాళ్లు తమదన్నారు. 2011లో కోర్టు నాలుగో గదిలోని ప్లెయెల్ పియానోనే నిజమైనదని, రెండో గదిలోనిది షోపాన్ వెళ్లాక తయారైనదని తేల్చింది. గదులు దొరకని దీవికి ఇప్పుడు విమానాల్లో వచ్చేవాళ్లకు లెక్కలేదు. 2024లో పాల్మా విమానాశ్రయం గుండా మూడు కోట్లమందికి పైగా ప్రయాణించారు. ఆ వేసవిలోనే ఇళ్ల అద్దెలు భరించలేని స్థానికులు వేలల్లో వీధికెక్కారు. అప్పుడు అతిథికి ఇల్లు లేదు, ఇప్పుడు ఊరివాడికి లేదు.

అయినా పాత దారి బతికే ఉంది. 2013 నుంచి పారిస్‌లో ఎక్కిన రైలు పెర్పిన్యా మీదుగా నేరుగా బార్సిలోనా చేరుస్తోంది. అక్కడి నుంచి రాత్రి ఓడ, పొద్దున్నే పాల్మా, ఆపైన కొండమీదికి బస్సు. ఈ దారిలో వెళ్లేవాళ్లు చలికాలంలో వెళ్లాలి, వానలో కొన్నాళ్లుండాలి. మరీ ముఖ్యంగా సాండ్ పుస్తకంతోపాటు క్వద్రాదో జవాబు కూడా చదవాలి. గ్రేవ్స్ 1956లో సాండ్‌ను ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు ఆ జవాబునూ అదే సంపుటిలో చేర్చాడు. ఆ దీవిలో ఏళ్ల తరబడి కాపురమున్నవాడు కాబట్టి ఆ మర్యాద పాటించాడు. పేరున్న రచయిత మాటకు ప్రపంచమంతా పాఠకులుంటారు. ఆ మాట పడ్డ ఊరి జవాబును వెతుక్కుని చదవాల్సింది ఆ ఊరికి వెళ్లే పాఠకులే.