రసాలు ఎంత?

వేసవిలో బాపులపాడు మండలం హనుమాన్ జంక్షన్ దగ్గర మామిడి బేరం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది.

సంస్కృతంలో రసమంటే సారం, పండ్ల నీరు, రుచి కూడా. మామిడికి రసాలమన్న పేరూ ఆ భాషదే. తెలుగు బైబిల్ వైన్‌ను ద్రాక్షారసం అంది. నూజివీడు సీమలో మాత్రం ఆ మాట ఏకంగా పండు రకానికే పేరైంది: చిన్నరసం, పెద్దరసం. నాసిక్ వైన్ సీసా మీద షిరాజ్ అని ఉంటే ద్రాక్ష రకం తెలుస్తుంది. ఇక్కడి పేరు తినే తీరునూ చెబుతుంది, అదే దాని అందం. బంగినపల్లి కోసుకుని తినడానికి, రసం జుర్రుకోవడానికి.

కొనేటప్పుడు రంగొక్కటే చూస్తే చాలదు. ముచ్చిక దగ్గర వాసన చూడాలి. తియ్యగా గుప్పుమంటే ఆ పండే తీసుకోవాలి. ఇంటికెళ్లాక మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి చుక్క సొన పారేసి జుర్రుకోవాలి.