కోటా రామస్వామి: ఔత్సాహిక క్రికెట్ యుగంలో ఒక తెలుగు జీవితం

ఇంగ్లండులో మన జిల్లాను పోలిన విభాగాన్ని కౌంటీ అంటారు; ఒక్కొక్క కౌంటీ పేరుతో ఏర్పడిన జట్లు ఏటా వేసవిలో పరస్పరం తలపడే పోటీయే కౌంటీ ఛాంపియన్‌షిప్. ఇరవయ్యో శతాబ్ది ప్రథమార్ధంలో ఆ జట్లలోని ఆటగాళ్లు రెండు తరగతులకు చెందినవారు. ఆటకు వేతనం పుచ్చుకొని దానితోనే కుటుంబాన్ని పోషించుకొనేవారు వృత్తి క్రీడాకారులు కాగా, ఆస్తి గానీ ఉద్యోగం గానీ అండగా ఉండి ప్రతిఫలం తీసుకోకుండా ఆడేవారు ఔత్సాహికులు. దుస్తులు మార్చుకొనే గదుల దగ్గరి నుంచి మైదానంలోకి వచ్చే ద్వారాల వరకు ఈ ఇరువర్గాలకు అన్నీ వేరుగా ఉండేవి. 1962 వరకు ఈ విభజన అధికారికంగానే కొనసాగింది. భారతదేశంలో ఇటువంటి నియమావళి లేకపోయినా, ఆటను జీవనాధారం చేసుకోకుండా ఆటకే అంకితమైన ఔత్సాహికుడు ఇక్కడా ఉన్నాడు. తెలుగువారిలో ఆ జీవితానికి అత్యంత సమగ్రమైన ఉదాహరణ కోటా రామస్వామి.

రామస్వామి క్రీడాజీవితానికి పునాది ఆయన పుట్టకముందే పడింది. తండ్రి మోతవరపు వెంకట మహిపతి నాయుడు, బుచ్చిబాబు నాయుడుగా ప్రసిద్ధుడు, మద్రాసు మైలాపూరులోని లజ్ హౌస్ అనే విశాలమైన బంగళాలో పెరిగిన సంపన్నుడు. 1846లో స్థాపితమైన మద్రాసు క్రికెట్ క్లబ్ యూరోపియన్లకే పరిమితమై, చేపాక్ మైదానపు పెవిలియన్‌లో భారతీయులకు సమస్థానం లేని కాలంలో, ఆయన 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్‌ను నెలకొల్పి భారతీయులకు సొంత మైదానాన్నీ సొంత జట్టునూ సమకూర్చాడు. బ్యాట్లూ ప్యాడ్లూ కొనుక్కోలేని యువకులకు వాటిని తానే ఇప్పించాడు. భారతీయ జట్టుకూ యూరోపియన్ జట్టుకూ మధ్య ప్రెసిడెన్సీ మ్యాచ్ జరిపించాలని పట్టుబట్టి సాధించినా, 1908 డిసెంబరులో ఆ మ్యాచ్ జరగడానికి కొద్ది రోజుల ముందే కన్నుమూశాడు. తరువాతి దశకం నుంచి సంక్రాంతి రోజుల్లో ఏటేటా జరిగిన ఆ పోటీ, 1952 వరకు మద్రాసు క్రికెట్‌కు ప్రధానోత్సవంగా నిలిచింది.

1896 జూన్ 16న జన్మించిన రామస్వామి బుచ్చిబాబు కుమారులలో చిన్నవాడు. మాతామహుని ఇంటికి దత్తు వెళ్లినందువల్ల ఆయన ఇంటిపేరు కోటా అయింది. అన్నలు బాలయ్య, వెంకటరామానుజులు కూడా క్రికెటర్లే. మద్రాసులో వెస్లీ ఉన్నత పాఠశాలలోనూ ప్రెసిడెన్సీ కళాశాలలోనూ చదివిన ఆయన, మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ క్రికెట్ కంటే టెన్నిస్ ఆయనకు ముందుగా పేరు తెచ్చింది. దేశాల మధ్య జట్లుగా జరిగే టెన్నిస్ పోటీ అయిన డేవిస్ కప్‌లో 1922లో ఆయన భారతదేశం తరఫున ఆడి, డాక్టర్ ఫైజీతో జతకట్టి డబుల్స్ బరిలోకి దిగాడు. ఆ ఏడాదే వింబుల్డన్‌లోనూ పాల్గొన్నాడు. డేవిస్ కప్ టెన్నిస్, టెస్టు క్రికెట్ రెండింటిలోనూ భారతదేశానికి ప్రాతినిధ్యం వహించిన ఘనత ఆయనది.

స్వదేశానికి తిరిగి వచ్చి వ్యవసాయశాఖలో ఉద్యోగంలో చేరిన తరువాత, ఔత్సాహికుని అసలు స్థితి ఆయన అనుభవంలోకి వచ్చింది. జీతం ప్రభుత్వానిది, ఆట సెలవు రోజులది. పై అధికారి అనుమతి మీద మ్యాచ్ ఆధారపడి ఉండేది. 1934లో రంజీ ట్రోఫీ, అంటే కౌంటీ పోటీని పోలిన అఖిల భారత ప్రాంతీయ పోటీ, ఆరంభమయ్యేనాటికి ఆయనకు 38 ఏళ్లు. ఆ వయసులో మద్రాసు జట్టులో కొనసాగిన ఈ ఎడమచేతి వాటం బ్యాటర్, 1936 ఇంగ్లండు పర్యటనకు ఎంపికయ్యాడు. విజయనగర మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు నాయకుడుగా, కొఠారి కనకయ్య నాయుడు సభ్యుడుగా ఉన్న ఆ జట్టులో తెలుగు మూలాలున్నవారు ప్రముఖంగా కనిపిస్తారు.

1936 జులైలో మాంచెస్టర్‌లో ఆయన తొలి టెస్టు ఆడేనాటికి 40 ఏళ్లు నిండాయి. భారత జట్టు తొలి ఇన్నింగ్స్‌లో 203 పరుగులకే ఆలౌటవగా, ఇంగ్లండు 8 వికెట్లకు 571 పరుగులు చేసి ఇన్నింగ్స్ ముగించింది. 368 పరుగుల వెనుకబాటుతో బరిలోకి దిగిన విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించి ఇద్దరూ శతకాలు చేయగా, వారి తరువాత వచ్చిన రామస్వామి 60 పరుగులతో మ్యాచ్‌ను డ్రా వైపు నడిపించాడు. తొలి ఇన్నింగ్స్‌లోనూ ఆయన 40 పరుగులు చేశాడు. ఓవల్‌లో జరిగిన తరువాతి టెస్టులో భారత్ ఓడినా ఆయన 29, నాటౌట్‌గా 41 పరుగులు సాధించాడు. రెండు టెస్టుల్లో 170 పరుగులు, 56.66 సగటు: ఆ అంకెలు చూసినప్పుడు, యౌవనంలో ఆయనకు అవకాశం దక్కి ఉంటే ఎంత సాధించేవాడో అన్న ఆలోచన రాక మానదు. భారతదేశం తొలి టెస్టు ఆడిన 1932 నాటికే ఆయనకు 36 ఏళ్లు.

ఈ జీవితానికి ఊతమిచ్చిన బంగళా, క్లబ్బు, విశ్వవిద్యాలయం, ప్రభుత్వోద్యోగం, ఈ నాలుగూ కలిసివచ్చిన చోటు ఆనాడు తెలుగువారికి మద్రాసే. ఉదాహరణకు నాటి పశ్చిమ గోదావరి జిల్లాలోని ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసర గ్రామాలు 1953 వరకు మద్రాసు రాష్ట్రంలోనివే కనుక, అక్కడి యువకుడు రంజీ ఆడాలంటే రైల్లో దాదాపు 500 కిలోమీటర్ల దూరంలోని మద్రాసు క్లబ్బుల కంట పడవలసి వచ్చేది. నేల తీరూ ఆటకు అనుకూలం కాదు: వానకాలంలో కొల్లేరు పొంగి చుట్టుపక్కల పల్లాలు మునుగుతాయి, డెల్టాలోని జిగట నల్లమట్టి తడికి మెత్తబడి, ఎండకు బీటలు వారుతుంది. దానిమీద బంతి సమంగా లేచే పిచ్ తయారుచేయాలంటే రోలరూ నీటి వసతీ నిత్య సంరక్షణా కావాలి. అవి లేని చోట కొబ్బరిపీచు చాపను నేలపై పరచి మేకులు కొట్టి ఆడడమే మార్గం. ఆ నేలలో నైపుణ్యం పుట్టలేదని కాదు, పుట్టిన నైపుణ్యానికి ముందుకు సాగే దారి ఏర్పడలేదని గ్రహించాలి.

1953-54లో ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టడంతో ఆ దారి తెరుచుకొంది. మచిలీపట్నం మూలాలున్న కుటుంబంలో నాగపూరులో పుట్టి, భారతదేశపు తొలి టెస్టు కెప్టెన్ అయిన కనకయ్య నాయుడు, 58 ఏళ్ల వయసులో ఆ జట్టుకు నాయకత్వం వహించడం చరిత్రాత్మకం. జిల్లా సంఘాల ద్వారా ఎంపిక జరిగే పద్ధతి కుదురుకొన్న కొద్దీ పశ్చిమ గోదావరి కుర్రవాడికి తన జిల్లా నుంచే రాష్ట్ర జట్టుకు చేరే వీలు కలిగింది.

రామస్వామి ఆట మానిన తరువాతా ఆటను విడిచిపెట్టలేదు. జాతీయ సెలెక్టరుగా పనిచేశాడు, 1952-53 వెస్టిండీస్ పర్యటనలో భారత జట్టుకు మేనేజరుగా వెళ్లాడు, ఆత్మకథ రాశాడు. 1985 అక్టోబరులో, 89 ఏళ్ల వయసులో, మద్రాసులోని ఇంటి నుంచి బయటికి వెళ్లి మళ్లీ తిరిగిరాలేదు. ఆయన ప్రతిభ ఆయనదే. అయితే ఆ ప్రతిభ నలభయ్యో ఏట వరకు వాడిపోకుండా నిలిచింది దానికి నీడనిచ్చిన వ్యవస్థల వల్లనే. ఔత్సాహిక యుగంలో ఆ నీడ పుట్టిన ఇంటిని బట్టి దక్కింది. దాన్ని ఊరి పాఠశాల మైదానం దాకా విస్తరింపజేయడమే జిల్లా క్రికెట్ సంఘాల ప్రథమ కర్తవ్యం. వాటి విజయాన్ని ట్రోఫీల సంఖ్యతో కంటే, సొంత బ్యాటు లేని ఎంతమందిని మైదానానికి తెచ్చాయన్న దానితో కొలవడమే న్యాయం.