దుంగలోంచి పుట్టిన లాగిన్

మీసేవ కేంద్రంలోని కుర్రాడైనా, హైటెక్ సిటీలోని ఇంజనీరైనా సీట్లో కూర్చోగానే చేసే మొదటి పని లాగిన్ అవడం. ఇందులోని ‘లాగ్’ అంటే ఇంగ్లిష్‌లో చెట్టు దుంగ. దుంగను కంప్యూటర్ దాకా చేర్చింది సముద్రం.

నడిసంద్రంలో ఓడ వేగాన్ని కొలవడానికి ఇంగ్లిష్ నావికులు ఒక ఉపాయం వాడేవారు. 1574లో విలియం బోర్న్ రాసిన నౌకాయాన గ్రంథంలోనే దాని వివరం ఉంది. తాడు చివర చెక్క కట్టి ఓడ వెనక నీళ్లలో వేసేవారు; ఆ చెక్కనే ‘లాగ్’ అనేవారు. తర్వాతి కాలంలో ఆ చెక్కను పావు చక్రంలా కోసి, వంపు అంచుకు సీసం బిగించారు. ఆ బరువుకు అది నిటారుగా నిలబడి, పడ్డచోటు నుంచి పెద్దగా కదలదు. ఓడ సాగేకొద్దీ తాడు చుట్ట విడుతుంది. ఆ తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి. ఒకరు 28 సెకన్ల ఇసుక గడియారం తిప్పి పట్టుకుంటే, ఇంకొకరు చేతిలోంచి జారే ముడులు లెక్కపెట్టేవారు. ఐదు ముడులు జారితే వేగం గంటకు ఐదు నాటికల్ మైళ్లు. ఓడల వేగాన్ని ఇప్పటికీ ‘నాట్’లలో, అంటే ముడులలో, చెప్పేది అందుకే. ఎంత చక్కని లెక్క!

ఆ లెక్కలు ఎక్కించే పుస్తకం లాగ్‌బుక్ అయింది. పోనుపోను దుంగ మరుగునపడి, ‘లాగ్’ అంటే నమోదు అనే అర్థం స్థిరపడింది.

1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకునే సీటీఎస్ఎస్ వ్యవస్థను ప్రదర్శించింది. యంత్రం ఖరీదైనది, ఎవరు ఎంతసేపు వాడారో పద్దు ఉండాలి. ఆ వ్యవస్థలో పని మొదలుపెట్టడానికి ఇచ్చే ఆదేశం పేరే లాగిన్.

1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ కంప్యూటర్‌కు ఇదే మాట పంపబోయాడు. ‘ఎల్’, ‘ఓ’ చేరాయి, అంతలో అవతలి వ్యవస్థ ఆగిపోయింది. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో తొలి సందేశం ఆ రెండక్షరాలే. సుమారు గంట తర్వాత పూర్తి లాగిన్ కుదిరింది.

ఇంగ్లిష్‌లో క్రియగా వాడితే ‘లాగ్ ఇన్’ అని విడిగా, నామవాచకమైతే కలిపి రాస్తారు. మనం రెంటికీ ‘లాగిన్’ అనే అంటాం, తప్పేం లేదు.

మనం ఎప్పుడు లోపలికొచ్చామో, ఎప్పుడు బయటికెళ్లామో చాలా వ్యవస్థలు నేటికీ ‘లాగ్’లో రాసుకుంటూనే ఉంటాయి. నెట్ సెంటర్‌లోనో, పరాయి కంప్యూటర్‌లోనో పని ముగించాక లాగౌట్ కాకుండా లేవకండి. మీ తర్వాత కూర్చున్నవాళ్లు చేసేదంతా మీ పద్దులోకే ఎక్కుతుంది.