రాత్రివేళ బాట దాటుట

మా పాఠశాల ముందునుండి రహదారి యొకటి పోవుచున్నది. ఊరు బాటకు తూర్పున, బడి పడమట. మూడేండ్ల క్రిందట బడి యెదుట తెల్లని చారలు వేసిరి. మొదటి వానకాలములో నవి మాసినవి. రెండవ వానకాలము ముగియునప్పటికి కొన్ని గీతలు మాత్రము మిగిలినవి. ఇప్పుడు క్రొత్తవారికి వానిని వ్రేలితో చూపవలసియున్నది. పదవ తరగతివారికి సాయంకాలమున అదనపు పాఠములు చెప్పుట మా బడిలో వాడుక. మార్గశిర పుష్యమాసములలో పాఠము ముగియునప్పటికి చీకటి పడును. పిల్లలను బాట యొడ్డున వరుసగా నిలిపి, టార్చిలైటు ఊపుచు బండ్లను ఆపి, వారిని ఆవలి యొడ్డునకు చేర్చుట ఉపాధ్యాయులలో నొకరి వంతు. ఒకనాడు మా వంతు వచ్చినది. లారీ యొకటి మాకు నాలుగడుగుల దూరమున కీచుమని ఆగినది. డ్రైవరు దిగివచ్చెను గాని కోపపడలేదు. "అయ్యా, మీ లైటు కనపడింది గాని పిల్లలు కనపడలేదండీ" అని మాత్రము చెప్పి, మొగము తుడుచుకొని వెడలిపోయెను.

దీపము తాను ప్రకాశించుచు కుండను గూడ ప్రకాశింపజేయునని మన శాస్త్రకారులు దృష్టాంతము చెప్పుదురు. మా టార్చిలైటు తాను ప్రకాశించినది, కుండను చూపలేదు. రాత్రివేళ పాదచారుల రక్షణకై గడచిన నూటయేబది యేండ్లలో ప్రపంచమున జరిగిన ప్రయత్నములన్నియు ఈ చిన్న భేదముచుట్టునే తిరిగినవని, ఆ చరిత్రను చదివిన పిమ్మట మాకు తోచినది. ఇటీవల కొన్ని దేశములలో స్తంభముపైనుండి కాంతిని పంపి నేలపై జీబ్రా చారలను చిత్రించు పద్ధతి వచ్చినది. రంగుతో వేసిన చారవలె అది చక్రములక్రింద అరుగదు. దానిని గూర్చి తెలిసినపుడు మా బడి యెదుటి మాసిన చారలు జ్ఞప్తికి వచ్చి మేము మిక్కిలి సంతోషించితిమి. ఆ సంతోష మెంతవఱకు తగునో విచారించుటకే ఈ వ్యాసము.

మొదటి ప్రయత్నము లండను నగరమున జరిగినది. అప్పటికి మోటారుబండి పుట్టలేదు. పార్లమెంటు భవనముల కెదుట గుఱ్ఱపుబండ్ల రద్దీలో సభ్యులే బాట దాటలేకుండిరి. జాన్ పీక్ నైట్ అను రైల్వే యింజనీరు, రైలుమార్గమున వాడు సిగ్నలునే వీథిలో నిలుపవచ్చునని సూచించెను. 1868 డిసెంబరులో ఇరువదియడుగులకు మించిన స్తంభమొకటి నాటిరి. పగటివేళ దాని చేతులు లేచి దిగును. రాత్రివేళ ఎఱ్ఱని, పచ్చని గ్యాసు దీపములు వెలుగును. పోలీసు జవాను క్రింద నిలిచి దానిని త్రిప్పుచుండును. మఱుసటినెల, అనగా 1869 జనవరిలో, గ్యాసు కారి ప్రేలుడు సంభవించి ఆ జవాను తీవ్రముగా గాయపడెను. యంత్రమును తొలగించిరి. పాదచారిని రక్షింపబోయిన మొదటి దీపము రక్షకభటునే కాల్చినది.

తరువాత అఱువది యేండ్లకుపైగా చెప్పదగినంత విశేషము లేదు. ఈలోపల మోటారు వచ్చినది. 1934లో బ్రిటనున బాటలపై 7,343 మంది మరణించిరి. వారిలో ఇంచుమించు సగము మంది కాలినడకను పోవువారే. ఆ యేట రవాణామంత్రియైన లెస్లీ హోర్ బెలీషా లండనులో కామ్డెన్ వీథిని దాటుచుండగా ఒక మోటారు ఆయనను త్రుటిలో తప్పిపోయెనట. మంత్రికి పాదచారి కష్టము తెలియుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు. నలుపు తెలుపు పట్టెల కంబముపై నారింజపండువంటి గాజు గోళమును నిలిపి, బాటకు అడ్డముగా ఉక్కు బొడిపెలు రెండు వరుసలు దిగగొట్టించి, ఆ రెండు వరుసల నడుమ కాలు మోపినవానికి బండ్లు దారి యీయవలెనని నియమము చేసిరి. ఆ గోళములకు జనులు మంత్రి పేరే పెట్టి "బెలీషా బీకను" లనిరి. అల్లరిపిల్లలు రాళ్లు విసరుటకు ఆ గాజు గోళములు మంచి గుఱియైనవి. బడిపంతులమగుటచే ఈ సంగతి మాకు నమ్మశక్యముగానే యున్నది.

ఇందులో గమనింపవలసినది గోళము కాదు, నియమము. అంతవఱకు బాట బండివాని సొత్తు. నడచువాడు అనుమతి పొందిన అతిథి. ఆ రెండు వరుసల బొడిపెల నడుమ మాత్రము ఆ సంబంధము తలక్రిందులైనది. అయినను రాత్రి సమస్య తీరలేదు. గోళము ఇక్కడ దాటుచోటు కలదని చెప్పగలదు గాని, ఆ చోట నెవడైన నడచుచున్నాడా యన్నది చెప్పజాలదు. ఆ సంవత్సరముననే యార్కుషైరులోని హాలిఫాక్సు వాసి పెర్సీ షా, బాట నడుమ పొదుగు "పిల్లికన్ను" లకు పేటెంటు పొందెను. బండి దీపపు కాంతి దానిపై పడి వచ్చిన దారినే తిరిగిపోయి చోదకుని కంటిని చేరును. అద్భుతమైన యుక్తియే, కాని అది చోదకునికి బాటను చూపినది, పాదచారిని కాదు.

ఇక చీకటి యనగా నేమో బ్రిటను జనులు ఒక్కసారిగా నేర్చుకొన్నారు. తమస్సు ద్రవ్యమా, వెలుగు లేకపోవుట మాత్రమేనా యని మన మీమాంసకులును నైయాయికులును వాదించిరి గదా. 1939 సెప్టెంబరు 1వ తేదీ మొదలు లండనులో నడచినవారిని అడిగియుండినచో అది ద్రవ్యమే యని సాక్ష్యము చెప్పెడివారు. శత్రువిమానముల భయముచే వీథిదీపము లార్పివేసిరి. కిటికీలకు నల్లతెరలు కట్టిరి. బండి దీపములకు సన్నని చీలికలు గల మూతలు తొడిగిరి. ఆ నెలలో బాటలపై 1,130 మంది చనిపోయిరి. అంతకు ముందటి సంవత్సరము అదే నెలలో చనిపోయినవారు 544 మంది. అప్పటికి జర్మను విమానములు నగరముపై నొక్క బాంబైనను వేయలేదు. శత్రువు విమాన మెక్కకయే నెలకు ఆఱువందలమందిని చంపుచున్నాడని ఒక ప్రసిద్ధ శస్త్రవైద్యుడు వైద్యపత్రికలో చమత్కరించెను; చమత్కారమే గాని నవ్వురాదు.

ప్రభుత్వము చేసిన చికిత్స యేమన, కాలిబాట అంచులకు, చెట్ల బోదెలకు, దీపస్తంభములకు తెల్లసున్నము పూయించిరి. పల్లెలలో రైతులు ఆవుల యొడలికి తెల్లపట్టెలు గీసిరి. పాదచారులను తెల్లని వస్త్రము ధరింపుడని, లేనిచో చేతిలో వార్తాపత్రికనైన పట్టుకొని పోవుడని హెచ్చరించిరి. 1940 ఫిబ్రవరిలో ఊళ్లలో రాత్రివేళ గంటకు 20 మైళ్లకు మించి బండి నడపరాదని శాసించిరి. పెట్రోలు కొఱతచే బండ్ల రాకపోకలు తగ్గినను, 1941లో 9,169 మంది బాటలపై మడిసిరి. మన తీరపట్టణములవారికిని ఈ చీకటి పరిచయమే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముమీదను కాకినాడమీదను జపాను విమానములు బాంబులు వేసినవి. ఆ దినములలో దీపములు కప్పుకొని కాపురము చేసిన పెద్దల మాటలు ఇప్పటికిని కొన్ని యిండ్లలో వినవచ్చును. అయితే నాడు మన బాటలపై ఎద్దుబండ్లే యధికము.

యుద్ధకాలపు చీకటి రెండు సంగతులను తేటపఱచినది. జాగ్రత్త తెలియనివారు కారు, మద్యపానము చేసినవారు కారు, నిన్నటివఱకు అదే వీథిని క్షేమముగా దాటినవారే రాత్రికి రాత్రి చచ్చిరి. వెలుగు ఒక్కటియే పోయినది. రెండవది యింకను చేదైనది. వెలుగు పోగానే రక్షణభారమంతయు నడచువాని నెత్తిపై పడినది. తెల్లబట్ట కట్టుకొనవలసినవాడు వాడు, పత్రిక పట్టుకొనవలసినవాడు వాడు. నేడును ప్రమాదవార్త రాగానే "నల్లబట్టలు వేసికొని యుండెను" అను మాట ఎవరి నోటనో ఒకరి నోట వినబడుచునే యున్నది.

యుద్ధము ముగిసిన పిదప, దాటుచోటు చోదకునికి దూరమునుండియే కనబడవలెనని 1949లో పలుచోట్ల రకరకముల గీతలు వేసి పరీక్షించిరి. వెడల్పైన నలుపు తెలుపు చారలు గెలిచినవి. 1951 అక్టోబరు 31న స్లౌ పట్టణములో మొదటి జీబ్రా దాటుచోటు వెలసినది. అటుపిమ్మట బెలీషా గోళములును మినుకుమినుకుమని వెలిగి ఆఱునట్లు చేసిరి. ఆ చారలు లోకమంతట వ్యాపించినవి. మా బడి యెదుట మాసిపోయినవియు వాని సంతతియే.

చార పగటి ఉపాయము. రాత్రికై రంగులో సన్నని గాజుపూసలు కలుపుదురు. పిల్లికంటివలెనే అవి బండి వెలుగును బండివైపునకే త్రిప్పిపంపును. వాన కురిసినపుడు నీటిపొర ఆ పూసలను కప్పివేయును, అప్పుడు తారు అద్దమై, ఎదుటి బండి దీపములు అందులో పొడుగైన మంటలవలె అగపడును, చార మాయమగును. పూసలు చక్రముల తాకిడికి రాలిపోవుట వేఱొక చిక్కు. అందుచే 1990 దశకమున అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు శాంటా రోజా పట్టణమున, విమానములు దిగు దారి ప్రక్కనుండు దీపములను తలచుకొని, దాటుచోటి కిరువైపుల నేలలో దీపములు పొదిగిరి. పాదచారి రాగానే అవి మినుకును. దుమ్ము, నీరు, లారీల బరువు వానికి శత్రువులు.

నేలలో పొదుగుటకంటె పైనుండి వేయుట సులభమని పిమ్మట తోచినది. వెలుగుతో బొమ్మ వేయుట క్రొత్త విద్య కాదు. హాలెండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్సు 1659 ప్రాంతముననే మ్యాజిక్ లాంతరును రచించెను. నాటకశాలలలో రేకునందు ఆకారము కత్తిరించి దీపమునకు ముందుంచి, రంగస్థలముపై కిటికీనీడయో ఆకులనీడయో పడవేయుట చిరకాలపు వాడుక. తక్కువ విద్యుత్తుతో చాలకాలము వెలుగు ఎల్‌.ఇ.డి. దీపములు వచ్చుటచే ఆ విద్య రంగస్థలమునుండి వీథిలోనికి దిగినది. 2015 జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్ ప్రదర్శనమున మెర్సిడెస్ బెంజ్ కంపెనీవారు ఎఫ్ 015 అను నమూనా బండిని చూపిరి. చోదకుడు లేకయే నడచునట్టి ఆ బండి పాదచారిని గుర్తించి ఆగి, తన ముందటి నేలపై లేజరు వెలుగుతో జీబ్రా చారలు పఱచును. చూచుటకు ముచ్చటగా నున్నదనుటలో సందేహము లేదు. కాని బెలీషా నాడు బాటపై శాసనమిచ్చిన హక్కు, ఇక్కడ బండి దయచేయు మర్యాదగా మాఱినది గదా యని మాకు కొంచెము మనసున నొచ్చినది.

స్తంభముపైనుండి పడు చారలకును హద్దులు గలవు. వెలుగుతో తెల్లచారను వేయవచ్చును గాని నల్లచారను వేయజాలము. చుట్టునున్న చీకటియే నల్లచార. దుకాణముల దీపములు, బండ్ల దీపములు దట్టముగా నున్నచోట ఆ చీకటి యుండదు, చార వెలవెలబోవును. నల్లని తారు తనపై పడిన వెలుగులో చాలభాగమును మ్రింగివేయును. వానలో, చారను మాపిన ఆ నీటి అద్దమే ఈ వెలుగును గూడ చోదకుని కంటికి చేరనీయక వేఱుదిక్కునకు విసరివేయును. కాబట్టి రంగు ఓడినచోట వెలుగు తప్పక గెలుచునని చెప్పరాదు. వీథిదీపములు పలుచగా నుండి, బాట పొడిగా నున్నప్పుడు అది మంచి సహాయము.

అన్నిటికంటె పెద్ద ప్రశ్న ఆ లారీ డ్రైవరు వేసినదే. నేల వెలిగినది సరే, నేలపై నడచు పిల్ల వెలిగినదా? దీపము పాదచారి వెనుకనో నడినెత్తిననో ఉన్నచో, చోదకునికి కనబడు మొగము, ఛాతి చీకటిలోనే యుండును. దీపమును బండి వచ్చు దిక్కున దాటుచోటికి కొంచె మిటుగా నాటినచో వెలుగు ఆ మొగముపై పడును. 2008లో అమెరికా రహదారిశాఖవారి నివేదిక, నేలనుండి మీటరున్నర యెత్తున నిలువుగా 20 లక్సుల వెలుగుండవలెనని సూచించినది. నేలపై పడు వెలుగును కాక, నిలుచున్న మనిషిపై పడు వెలుగును కొలువుమని దీని భావము. మా మట్టుకు చారలు చిత్రించు దీపముకంటె, సరియైన తావున నాటిన సాధారణ దీపమే మిన్న. రెండును గలిగినచో మఱియు మేలు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనునకు దాదాపు 17 మీటర్లు పోవును. చోదకుడు చూచి, గ్రహించి, బ్రేకుపై కాలుంచుటకు సెకనున్నర పట్టినచో, బండి తగ్గుటకు ముందే 25 మీటర్లు గడచును. ఈ లెక్కను మా తరగతిలో వేయించినపుడు ఒక బాలిక "అయితే మనము కనబడవలసినది మన యెదుట కాదు, ఆ చింతచెట్టు దగ్గఱ నుండి గదా మాస్టారూ" అన్నది. వివరించుటకు మాకు మఱేమియు మిగులలేదు.

మన దేశమున 2022లో బాటలపై మరణించినవారు 1,68,491 మంది. అందు పాదచారులు 32,825 మంది. రోజునకు దాదాపు 90 మంది. బెలీషా గోళములు వెలసిన 1934వ సంవత్సరముననే, డిసెంబరులో, మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు స్థాపితమైనది. దాటుచోట్ల చారలు, గుర్తులు ఎట్లుండవలెనో ఆ సంస్థ ప్రమాణములు ప్రకటించియే యున్నది. కొఱత ప్రమాణములది కాదు. చార వేసినవాడు మరల వేయుటకు రాకపోవుటయు, వేసినదానిని మ్రొక్కుబడిగా వేయుటయు మా కంటబడినవి. కాలిబాట హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమని 2025లో సుప్రీముకోర్టు చెప్పినది. ఆ హక్కు సూర్యాస్తమయముతో ముగియునని ఎవరును అనలేదు.

మా బడి సంగతికి వత్తము. గడచిన నెలలో పంచాయతీవారితో మాటలాడితిమి. ఒక స్తంభము, దీపము ఇచ్చుట కొప్పుకొనిరి. బాటపై బండ్లు రెండు దిక్కులనుండి వచ్చును గావున రెండు కావలెనంటిమి. రెండవదానికి పద్దు లేదనిరి. తలిదండ్రులు చందా వేసికొన్నారు. విద్యుత్తు పనివారు వచ్చి, అలవాటు చొప్పున చారలకు సరిగా నెత్తిపైనే స్తంభము నాటుటకు గొయ్యి తీయబోయిరి. వారిని ఆపి, తావు చూపుటకై సుద్దముక్కతో బాట యంచున గుర్తు గీసితిమి. మఱునాటి యుదయమునకు అది లారీల క్రింద చెరిగిపోయినది. మరల గీసి, ఒక బాలుని దానిపై నిలువబెట్టి వారు వచ్చువఱకు కదలవద్దంటిమి.