ఇంటి రాళ్లు, జాతి చరిత్ర: బ్రూస్ ఫుట్ సేకరణ

రాయి తనంతట తాను చరిత్ర చెప్పదు. అది ఏ ఊరి పొలిమేరలో, ఏ మట్టిపొరలో, ఏ వస్తువుల సరసన దొరికిందో తెలిపే నాలుగు అక్షరాలు తోడైనప్పుడే సాక్ష్యమవుతుంది. ఆ వివరం జారిపోతే లక్షల ఏళ్లనాటి పనిముట్టయినా బీరువాలో మూలపడిన వింత రాయిగానే మిగులుతుంది. దక్షిణ భారత చరిత్రపూర్వ యుగ పరిశోధనకు పునాది వేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ సేకరణ ఇందుకు గొప్ప నిదర్శనం. అది మొదట ప్రదర్శనశాల సొత్తు కాదు. ఒక భూగర్భ శాస్త్రవేత్త దశాబ్దాల తరబడి పోగుచేసుకున్న సొంత సంపద.

1834లో ఇంగ్లండులో జన్మించిన ఫుట్ 1858లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరారు. ఆయన ఉద్యోగం శిలల తీరును పరిశీలించి పటాలు గీయడం. అప్పటికి ఐరోపాలో, అంతరించిపోయిన జంతువుల అవశేషాలతోపాటు లభించిన చెకుముకి పనిముట్లు మానవుని ప్రాచీనతను గురించి పెద్ద చర్చకు దారితీశాయి. ఆ చర్చను శ్రద్ధగా గమనిస్తున్న ఫుట్ 1863 మే 30న మద్రాసు సమీపంలోని పల్లావరంలో, కంకర గుంటనుంచి తవ్విపోసిన రాళ్లలో మనిషి చెక్కిన ఒక పనిముట్టును గుర్తించారు. భారతదేశపు ప్రాచీన శిలాయుగ అధ్యయనానికి అదే నాంది. అదే ఏడాది సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరెన్నో పనిముట్లను కనుగొన్నారు.

1891లో ప్రభుత్వోద్యోగం నుంచి విరమించిన తరువాత బరోడా, మైసూరు సంస్థానాలలో పనిచేసి, సేలం సమీపంలోని ఏర్కాడు కొండమీద ఆయన స్థిరపడ్డారు. 1904లో మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాల ఆయన సేకరణను కొనుగోలు చేసింది. అందులో నాలుగు వందలకు పైగా స్థలాలలో దొరికిన వస్తువులున్నాయి. వాటిని విడదీసి, గుర్తించి, వివరించే బాధ్యతను డెబ్బైయేళ్ల వయసులో ఆయనే స్వీకరించారు. ఆ శ్రమ ఫలితాన్ని అచ్చులో చూసుకునే భాగ్యం మాత్రం ఆయనకు దక్కలేదు. 1912లో ఆయన మరణించారు. వివరణాత్మక పట్టిక 1914లోనూ, కాలనిర్ణయం, స్థల విస్తృతులపై వ్యాఖ్యల సంపుటం 1916లోనూ వెలువడ్డాయి.

ఆ వర్గీకరణలో రెండు విశేషాలున్నాయి. మొదటిది కాలవిభజన. ప్రాచీన శిలాయుగం, నవీన శిలాయుగం, తొలి ఇనుప యుగం, మలి ఇనుప యుగం అని ఫుట్ నాలుగు దశలను నిర్ణయించారు. ఇందులో శిలాశాస్త్ర పరిజ్ఞానం ఆయనకు తోడ్పడింది. పాతకాలపు మానవుడు తన గొడ్డళ్లకు క్వార్ట్‌జైట్‌ను ఎక్కువగా ఎంచుకోగా, నవీన శిలాయుగ మానవుడు నల్లరాతిని నూరి నునుపు చేశాడని ఆయన గమనించారు. రెండవ విశేషం స్థలానుసారమైన అమరిక. అందమైన రాళ్లను ఒకచోట, అనాకారి రాళ్లను మరొకచోట పెట్టక, జిల్లాల వారీగా, ఊళ్ల వారీగా వస్తువులను నమోదు చేశారు. పగిలిన కుండపెంకుకు కూడా ఆ పట్టికలో చోటు దక్కింది. పండితుల దృష్టిలో సేకరణ విలువను పెంచినది ఈ రెండవ గుణమే.

ఆ విలువ తెలుగువారికి దగ్గరి ఉదాహరణలలోనే కనిపిస్తుంది. బళ్లారి ప్రాంతపు బూడిద దిబ్బలు ఎలా ఏర్పడ్డాయన్నది పందొమ్మిదవ శతాబ్దంలో వివాదాంశం. అవి పశువుల పేడ కాలగా మిగిలినవని ఫుట్ వాదించారు. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊట్నూరు దిబ్బను తవ్వినప్పుడు పశువుల దొడ్ల ఆనవాళ్లు, గిట్టల ముద్రలు బయటపడ్డాయి. పాతికవేల పశువుల కథ చెప్పే పురాణం కాదది. మట్టిలో నిలిచిన పాడి బ్రతుకుల చిహ్నం.

దీనికి భిన్నమైన గతి కర్నూలు సీమలోని బిల్లసర్గం గుహలది. బేతంచెర్ల దగ్గరి ఆ గుహలను 1884, 1885 సంవత్సరాలలో ఫుట్, ఆయన కుమారుడు తవ్వించారు. జంతువుల అస్థులతోపాటు మనిషి మలచిన ఎముక పనిముట్లు లభించాయి. అయితే ఆ పనిముట్లు తరువాతి పరిశోధకుల చేతికి అందలేదు. ఫలితంగా దాదాపు తొమ్మిది దశాబ్దాలపాటు అవి నివేదికలోని మాటలుగానే మిగిలాయి. 1970ల తొలినాళ్లలో ఎం.ఎల్.కె. మూర్తి అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో ఎముక పనిముట్లను వెలికితీసిన తరువాతనే ఆ మాటలకు బలం చేకూరింది. భద్రపరచని వస్తువుకు శాస్త్రం చెల్లించే మూల్యం ఇది.

ఫుట్ నిర్ణయాలన్నీ నిలవలేదు. ప్రాచీన, నవీన శిలాయుగాల మధ్య మానవ నివాసం లేని సుదీర్ఘ విరామం ఉన్నదని ఆయన భావించారు. నల్లమల ప్రాంతంలో కామియాడ్ సేకరించిన వస్తువుల ఆధారంగా ఆయనా, బర్కిట్ కలిసి 1930లో ప్రచురించిన వ్యాసం ఆ నడిమి దశలను వెలుగులోకి తెచ్చింది. అభిప్రాయాలు సవరణకు లోనైనా, స్థల నమోదు చెక్కుచెదరలేదు. 1999 నుంచి శాంతి పప్పు బృందం అత్తిరంపాక్కంలో తిరిగి తవ్వకాలు జరిపింది. అక్కడి తొలి పనిముట్లు పది లక్షల ఏళ్లకు పూర్వపువని 2011లో ప్రకటించింది. నూటముప్పై ఆరేళ్ల తరువాత వచ్చినవారికి దారి చూపినది పాత నమోదే.

నునుపైన రాతి గొడ్డళ్లను పిడుగు రాళ్లని భావించి దాచుకోవడం, చెట్టు కింద దేవుడి సన్నిధిలో ఉంచి పూజించడం మన దేశంలో చాలాచోట్ల కనిపించే ఆచారం. ఊరి పాఠశాలల్లోనూ, విశ్రాంత ఉద్యోగుల ఇళ్లలోనూ ఇటువంటి రాళ్లు ఉండే అవకాశం ఉంది. చారిత్రక ప్రాధాన్యం కలిగి నూరేళ్లు పైబడిన వస్తువును 1972నాటి చట్టం పురావస్తువుగా పరిగణిస్తుంది. కానీ చట్టం కాపాడగలిగేది వస్తువునే. దాని పుట్టుక వివరాన్ని కాపాడగలిగేది సేకరించినవారి జ్ఞాపకమే. ఇంటి పెద్ద మరణించాక వారసులు పెట్టె తెరిచేసరికి ఆ జ్ఞాపకం ఉండదు. ఊరి పేరు, చేను గుర్తు, దొరికిన తేదీ రాసిన చిన్న చీటీని ఆ పెద్దలు జీవించి ఉండగానే ప్రతి రాయికీ జతచేయించడం జిల్లా ప్రదర్శనశాలలకు భారమైన పని కాదు. వృద్ధాప్యంలో ఫుట్ చేసినది ప్రధానంగా అదే.